ఉన్నది ఉన్నట్టు చెప్పాను

ఆ బడిలో ఆవిడని అందరూ మాటల టీచరమ్మ అనేవారు. పాఠాలు చెప్పే టీచరు కాదు, సుద్దముక్క పట్టింది లేదు. సరిహద్దు దాటి పనులకోసం వచ్చి ఆ పేటలో ఉండిపోయినవాళ్ళ పిల్లలు బడిలో సగానికి సగం. ఆ తల్లిదండ్రులకి ఊరి భాష రాదు, బడివాళ్ళకి వాళ్ళ భాష రాదు. ఇద్దరి మధ్యా కుర్చీ వేసుకుని కూర్చుని ఇటు మాట అటూ, అటు మాట ఇటూ చేరవెయ్యడమే ఆవిడ ఉద్యోగం.

"చాడీలు మోసేవాళ్ళకి జీతం కూడా ఇస్తారని నాకు తెలీదే" అనేది వాళ్ళక్క. అక్క నోరు అలాంటిది. అక్కకి కోపం రావడంలో న్యాయం లేకపోలేదు. కాళ్ళా వేళ్ళా పడి బీమా కంపెనీలో ఉద్యోగం వేయించింది తనే మరి. ఈవిడ పదకొండేళ్ళు ఆ కంపెనీలో, ఫిర్యాదుల ఫోను దగ్గర కూర్చుంది. పొద్దున్నించి సాయంత్రందాకా ఎవరు ఏం అడిగినా "కుదరదండీ" అని చెప్పడమే పని. ఒకరోజు ఎవరో ముసలాయన, భార్య పోయిన మనిషి, అంతా ఓపిగ్గా విని, "కాదని చెప్పడానికే పెట్టుకున్నారా తల్లీ నిన్ను?" అన్నాడు. తిట్టలేదు, అరవలేదు, నిజంగానే అడిగాడు. ఆ రాత్రి అన్నం సహించలేదు. నెల తిరక్కుండా రాజీనామా ఇచ్చేసింది. ఏడాదిపాటు శిక్షణ తీసుకుని, సగం జీతానికి బడిలో చేరింది.

అవతలి భాష ఆవిడకి అమ్మమ్మ నుంచి వచ్చింది. అమ్మమ్మ అటువైపు మనిషి. ఈవిడకి పదకొండేళ్ళప్పుడు అమ్మమ్మని ఆసుపత్రిలో పెట్టారు. డాక్టరు పుల్ల విరిచినట్టు "ఇక లాభం లేదు, ఇంటికి తీసుకుపోండి" అన్నాడు. పెద్దవాళ్ళు ఏడుస్తూ బయటికి వెళ్ళారు. "ఏమంటున్నాడే?" అని అమ్మమ్మ అడిగితే, పక్కన ఉన్నది ఈ పిల్లే. "పది రోజుల్లో లేచి తిరుగుతావంటున్నాడు అమ్మమ్మా" అంది. అమ్మమ్మ నవ్వింది. ఆ నవ్వుని ఈవిడ ముప్ఫై ఏళ్ళు దాచుకుంది. తన బతుకులో చేసిన మొదటి మంచిపని అదేనని గట్టి నమ్మకం. బడిలో ఉద్యోగానికి వెళ్ళినప్పుడు, ఈ పని ఎందుకు ఎంచుకున్నారని అడిగితే, చిన్నప్పుడు డాక్టరుకీ అమ్మమ్మకీ మధ్య నిలబడ్డానని చెప్పింది. వాళ్ళకి కళ్ళు చెమర్చాయి. డాక్టరు ఏమన్నాడో, తను ఏం చెప్పిందో వాళ్ళు అడగలేదు. ఈవిడా చెప్పలేదు.

ఇక పని తీరు చూడండి. బడి ప్రిన్సిపాల్ మనసు మంచిదే గానీ నోటికి వడపోత లేదు. "ఈ మనిషికి బుద్ధుందా అసలు?" అని ఆవిడ చిరాకు పడితే, మన మాటల టీచరమ్మ అటు తిరిగి, "మీ బాబు గురించి మేడమ్ చాలా బెంగపడుతున్నారు" అని చెప్పేది. ఆ తండ్రి ఒళ్ళు మండి, "ఈ మహాతల్లి నెత్తిన పిడుగు పడ" అంటే, ఇటు తిరిగి, "ఆయన ఆలోచిస్తానంటున్నారు మేడమ్" అనేది. ఇద్దరూ తలలూపుకుంటూ లేచేవారు. ఆవిడ చేరిన ఏడాదికే బడిలో గొడవలు పూర్తిగా ఆగిపోయాయి. పై కార్యాలయంవాళ్ళు మెచ్చుకుంటూ ఉత్తరం రాస్తే, ప్రిన్సిపాల్ దాన్ని అద్దం వేయించి గోడకి తగిలించింది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ ఉత్తరం కింద కూర్చున్నప్పుడల్లా టీచరమ్మకి కడుపు నిండినట్టుండేది.

ప్రతి సమావేశానికీ ఒక పసుపు కాగితం ఉండేది. బడి చెప్పిన మాట ఊరి భాషలో రాసేవారు. కింద ప్రిన్సిపాల్ సంతకం, తల్లిదో తండ్రిదో సంతకం. అన్నిటికన్నా అడుగున ఒక అచ్చువేసిన వాక్యం, 'పై మాటలు ఉన్నది ఉన్నట్టు చెప్పాను' అని. దాని పక్కన ఈవిడ సంతకం. పిల్లల్ని ఆ గదిలోకి రానిచ్చేవారు కాదు. పెద్దవాళ్ళ మాటలు మొయ్యాల్సిన ఖర్మ పిల్లలకి పట్టకూడదనే గదా ఈవిడని పెట్టుకున్నది.

ఆ పేటలో ఒక బట్టలుతికే కర్మాగారం ఉంది. పెద్దాసుపత్రి దుప్పట్లన్నీ అక్కడికే వస్తాయి. అందులో పనిచేసే ఒకావిడకి మోచేతులదాకా చర్మం ఎర్రగా పొట్టు రేగిపోయి ఉండేది, మరకలు పోవడానికి వేసే మందు అలాంటిది. కుడి భుజం పైకి లేవదు. ఆవిడకి ఒక్కతే కూతురు, పదహారేళ్ళది. సన్నగా ఉండి ఒక్కచోట నిలవదని తల్లి దాన్ని పిచ్చుక అని పిలిచేది, బడిలోనూ అదే పేరు ఖాయమైంది. తల్లి ఉతికే దుప్పట్లు ఏ ఆసుపత్రివో ఆ ఆసుపత్రిలోనే నర్సుగా చేరాలని దాని ఆశ. చివరి పరీక్ష పాసైతే శిక్షణకి తీసుకుంటారు. లెక్కల్లో దాన్ని కొట్టేవాళ్ళు లేరు. ఇబ్బందల్లా సోమవారం, గురువారం. ఆ రెండు రోజులూ సరుకు ఎక్కువ. తల్లి భుజం ఎత్తలేదు గనక పిచ్చుక వెళ్ళి దుప్పట్లు ఎత్తి మడతపెట్టేది.

మొదటిసారి తల్లిని పిలిపించినప్పుడు ప్రిన్సిపాల్, "వారానికి రెండు రోజులు నాగా పెడితే పేరు కొట్టేస్తాం. కొట్టేస్తే పరీక్ష లేదు, పదహారు దాటింది గనక మళ్ళీ చేర్చుకోవడం కూడా ఉండదు. స్పష్టంగా చెప్పండి" అంది.

టీచరమ్మ అటు తిరిగి చూసింది. ఆ ఎర్రటి చేతులు ఒళ్ళో పెట్టుకుని, కుర్చీ అంచున, ఎప్పుడు లేవమంటే అప్పుడు లేవడానికి సిద్ధంగా కూర్చుని ఉందా తల్లి. ఎలా చెప్పను ఈవిడకి అనిపించింది. నోరు రాలేదు.

"మీ అమ్మాయి రత్నం అంటున్నారమ్మా. ఇంకాస్త క్రమంగా వస్తే బాగుంటుందట" అంది.

తల్లి ముఖం వికసించింది. "అంత బాగా చదువుతోందా? నా తల్లే! పోనీలెండి, అయితే రెండు రోజులు పోయినా నష్టం లేదన్నమాట. ఈ చలి రోజులు దాటితే నా భుజం కుదురుకుంటుంది, అప్పుడు రోజూ పంపిస్తాను."

"ఏమంటోంది?" అని ప్రిన్సిపాల్ అడిగింది.

"చూసుకుంటానంటున్నారు మేడమ్."

పసుపు కాగితం మీద ముగ్గురూ సంతకాలు పెట్టారు.

రెండోసారీ అంతే. మూడోసారి ప్రిన్సిపాల్ బల్ల గుద్ది, "ఇదే ఆఖరు" అంటే, టీచరమ్మ నీళ్ళు నమిలి, "మేడమ్‌కి మీ అమ్మాయి మీద చాలా ఆశ ఉందమ్మా, కొంచెం శ్రద్ధ పెట్టమంటున్నారు" అంది. ఒక పక్క మనసు పీకుతూనే ఉంది. వెళ్ళి పిచ్చుకతో ఒక మాట చెబుదామనుకుంది. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అని నాన్చింది. ఈలోగా క్లాసు టీచరు పిచ్చుకని ఆపి, "మీ అమ్మకి అంతా చెప్పాం, తెలుసుగా?" అంది. పిచ్చుక ఇంటికెళ్ళి తల్లిని అడిగింది. "నిన్ను తెగ మెచ్చుకున్నారే" అంది తల్లి. అది సంబరపడి ఊరుకుంది. సోమవారం, గురువారం దుప్పట్లు మడతపెట్టడానికి వెళ్ళింది.

పరీక్ష రాసేవాళ్ళ జాబితా గోడమీద అంటించిన రోజు పిచ్చుక పేరు అందులో లేదు.

మర్నాడు తల్లీకూతుళ్ళు కలిసి వచ్చారు. పిచ్చుక పేరు కొట్టేశారు గనక అది ఇప్పుడు బడి పిల్ల కాదు, గదిలోకి రావద్దనే నియమం దానికి లేదు. మొదటిసారిగా ఆ గదిలో కూర్చుంది, రెండు భాషలూ తెలిసిన పిల్ల.

"చిలక్కి చెప్పినట్టు మూడుసార్లు చెప్పించాం. మూడుసార్లూ సంతకం పెట్టింది. ఇప్పుడొచ్చి ఏడిస్తే నేనేం చెయ్యను? జాబితా పైకి వెళ్ళిపోయింది, అయిపోయింది, అంతే" అంది ప్రిన్సిపాల్.

తల్లి తెల్లబోయి టీచరమ్మ వంకే చూస్తోంది. అప్పుడైనా నిజం చెప్పాలా వద్దా మీరే చెప్పండి. చెప్పలేదు. అలవాటు అంత చెడ్డది. "పెద్దవాళ్ళతో మాట్లాడి చూస్తామంటున్నారమ్మా. మీరు కంగారు పడకండి" అంది.

"మీ రుణం ఉంచుకోను టీచరమ్మా" అని తల్లి చేతులు పట్టుకుంది. ఆ అరచేతులు గరుకుగా, వేడిగా ఉన్నాయి.

పిచ్చుక తల్లిని గేటు దగ్గర కూర్చోబెట్టి తను వెనక్కి వచ్చింది. వరండాలో టీచరమ్మకి అడ్డంగా నిలబడింది.

"టీచర్, మేడమ్ అలా అనలేదు కదా."

టీచరమ్మకి తల కొట్టేసినట్టయింది. "మీ అమ్మ తట్టుకోలేదని..." అంది.

"ముందు మూడుసార్లు కూడా ఇలాగే చెప్పారా?"

టీచరమ్మ తల వంచుకుంది. ఆ పిల్ల ఒక అడుగు ముందుకు వేసింది. అరుస్తుందేమో, కొడుతుందేమో అనుకుంది టీచరమ్మ, కొట్టినా బాగుండుననుకుంది. "నాకు చెప్పినా దుప్పట్ల పనికి వెళ్ళడం మానేసేదాన్ని టీచర్. మా అమ్మ ఒక చేత్తో ఎలాగో తంటాలు పడేది. నాకైనా చెప్పాల్సింది" అని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం టీచరమ్మ తిన్నగా అక్క ఇంటికి వెళ్ళింది. అక్క గుమ్మంలో కూర్చుని మనవరాలి చొక్కాకి గుండీ కుడుతోంది. ఏడుస్తూ మొత్తం చెప్పింది. సంజాయిషీగా చివర్న, "అమ్మమ్మ దగ్గర కూడా ఇలాగే కదా అక్కా, మంచికే కదా చెప్పాను" అంది.

అక్క సూది ఆపింది. "మంచికా? ఏం మంచే?"

"నవ్వింది కదా."

"నవ్వింది. నవ్వి, నాతో ఏమందో తెలుసా? అటువైపున్న తన చెల్లెల్ని ఒక్కసారి చూడాలని ఉందంది. కబురు పెట్టనా, రెండు రోజుల్లో వచ్చేస్తుందీ అంటే, 'ఎందుకే, పది రోజుల్లో లేస్తానుగా, నేనే వెళ్తాను' అంది. నాలుగో రోజు పోయింది. ఆ చెల్లెలు వచ్చేసరికి మట్టి కూడా ఆరింది. నువ్వు చిన్నదానివని ఇన్నాళ్ళూ ఎవ్వరం అనలేదు. ఇప్పుడు చిన్నదానివి కాదు, అంటున్నాను."

టీచరమ్మ ముప్ఫై ఏళ్ళు దాచుకున్న నవ్వు. దాన్ని చూసుకునే బీమా కంపెనీ వదిలింది, ఆ కుర్చీలో కూర్చుంది. కాదన్నమాట చెప్పడం తన వల్ల కాక పారిపోయి వచ్చి, దానికి సేవ అని పేరు పెట్టుకుంది. ముసలాయనకి బీమా కంపెనీలో కాదని చెప్పినప్పుడు కనీసం ఆ మనిషికి తన సంగతేమిటో తెలిసింది, ఇంకో దారి వెతుక్కోవడానికి వీలుండింది.

"ఏం చెయ్యమంటావక్కా?"

"నన్నడుగుతావేమే? నీ సంతకం నువ్వు పెట్టావు" అంది అక్క, మళ్ళీ గుండీ అందుకుంటూ. తర్వాత లోపలికి వెళ్ళి టీ పట్టుకొచ్చి ముందు పెట్టింది. అక్క కూడా ఏడుస్తోంది.

మర్నాడు టీచరమ్మ ప్రిన్సిపాల్‌కి కాగితం రాసిచ్చింది. మూడుసార్లూ ఏం చెప్పమన్నారు, తను ఏం చెప్పింది, పక్కపక్కనే రాసింది. ప్రిన్సిపాల్ రెండుసార్లు చదివింది. "మీరేం చేశారో మీకు తెలుస్తోందా? ఈ ఒక్క పిల్లేనా? ఎంతమంది సంతకాలు పెట్టారు ఇక్కడ!" అంది. టీచరమ్మ లెక్క చెప్పలేకపోయింది. ప్రిన్సిపాల్ లేచి గోడమీద ఉత్తరం దించి, సొరుగులో బోర్లా పెట్టింది. ఉద్యోగం ఆ పూటే పోయింది. మళ్ళీ ఏ బడిలోనూ ఆ పనికి తీసుకోకూడదని రాశారు.

అక్కణ్ణించి కర్మాగారం గేటు దగ్గరికి వెళ్ళి, పని వదిలేదాకా నిలబడి, పిచ్చుక తల్లికి వాళ్ళ భాషలో మొత్తం చెప్పింది. తల్లి కదలకుండా విన్నది. తిట్టలేదు. "మీకు మా మీద జాలి అనుకున్నాను" అంది. "మనుషులమని కూడా అనుకోలేదన్నమాట" అని, కండువా సర్దుకుని నడిచింది.

ఆ కాగితం వల్ల ఒక్క మేలు జరిగింది. దాన్నే అర్జీగా తీసుకుని జిల్లా కార్యాలయంవాళ్ళు పిచ్చుక సంగతి విచారిస్తామన్నారు. సాక్షిగా టీచరమ్మని కూడా రమ్మన్నారు.

ఆ గదిలో పొడుగాటి బల్ల, దాని వెనక ముగ్గురు అధికారులు, ఒక గుమాస్తా. ఎదురుగా రెండు కుర్చీల్లో తల్లీకూతుళ్ళు. టీచరమ్మ వెనక గోడవారగా బెంచీ మీద. ఆవిడ రాసింది గుమాస్తా చదివి, అవునా అంటే అవునని లేచి నిలబడి చెప్పింది. అంతటితో ఆవిడ పని అయిపోయింది. రెండు భాషలూ తెలిసిన మనిషి వేరే దొరకలేదని గుమాస్తా గొణిగాడు. "ఆ పిల్లకి వచ్చుగా, దాన్నే చెప్పమనండి" అన్నాడు మధ్యలో కూర్చున్న పెద్దాయన.

అడిగినవాటికి తల్లి చెప్పింది, పిచ్చుక ఊరి భాషలో అప్పజెప్పింది. భుజం సంగతి, సోమవారాలు, గురువారాలు. ముగ్గురూ తలలు దగ్గరపెట్టి మాట్లాడుకున్నారు. పెద్దాయన గొంతు సవరించుకుని చెప్పాడు.

"తప్పు టీచరమ్మది కావచ్చు. కానీ నాగాలు నాగాలే. జాబితా మార్చడానికి మాకు అధికారం లేదు. మీ అర్జీ కొట్టేస్తున్నాం. ఒప్పుకోకపోతే పది రోజుల్లోగా రాజధానిలో పై కార్యాలయానికి రాసుకోవచ్చు. తల్లి స్వయంగా సంతకం చేసి ఇవ్వాలి. ఆ గడువు దాటితే ఇంక ఏమీ లేదు."

అతని పక్కాయన కాగితాలు సర్దుతూ, "రాస్తారా పెడతారా! వీళ్ళకి కూలి కనిపించినంత, చదువు కనిపించదు" అన్నాడు, వినపడేలాగే.

తల్లి కూతురి ముఖం చూస్తోంది. పిచ్చుక ఒక్క క్షణం నేల చూసింది. తర్వాత తల్లి భుజం మీద, ఆ లేవని భుజం మీద చెయ్యి వేసి, వాళ్ళ భాషలో మెత్తగా చెప్పింది.

"నీ తప్పేం లేదన్నారమ్మా. వచ్చే ఏడు రాసుకోవచ్చట. నువ్వు బాధపడకు. పద, వెళ్దాం."

తల్లి గుండెల నిండా ఊపిరి తీసుకుంది. లేచి, ఆ ముగ్గురి ముందూ తల వంచి, తనకి ఊరి భాషలో వచ్చిన ఒకే ఒక్క మాట, మంచిదండీ అన్నమాట, ముగ్గురికీ మూడుసార్లు చెప్పింది. చదువు కనిపించదన్న ఆయనకి కూడా చెప్పింది.

బెంచీ మీద టీచరమ్మ ఆ మాట విన్నది. ఆ పిల్ల గొంతు తను ఎరిగినదే. పదకొండేళ్ళప్పుడు ఆసుపత్రి మంచం పక్కన తనది ఆ గొంతే. లేవకూడదు, మాట్లాడమని ఎవరూ అడగలేదు, ఆ హక్కూ లేదు. వాళ్ళు తలుపుదాకా వెళ్ళిపోయారు. ఇంకో నాలుగు అడుగులు వేస్తే పది రోజులూ ఎవరికీ తెలియకుండా గడిచిపోతాయి.

"అమ్మా, ఆగండి" అంది వాళ్ళ భాషలో. "కాదన్నారు. కొట్టేశారు. వచ్చే ఏడు కూడా లేదు."

పిచ్చుక గిర్రున తిరిగింది. "నోరు ముయ్యండి! మీరెవరు మధ్యలో?" అని ఊరి భాషలో అరిచింది. అరుస్తూనే ఏడ్చేసింది. గుమాస్తా "ఏమ్మా, ఏంటా గొడవ" అని లేచాడు.

తల్లి కూతుర్ని చూసింది. ఏం జరిగిందో ఆ ముఖం చూస్తేనే తెలిసిపోయింది ఆవిడకి. కూతురి తల ఒక చేత్తో దగ్గరికి తీసుకుని, టీచరమ్మ వైపు తిరిగింది.

"చెప్పు. ఈసారి ఏమీ మింగకు."

అంతవరకూ ఎప్పుడూ 'మీరు' అన్న మనిషి. టీచరమ్మ చెప్పింది. నాగాలు నాగాలే అన్న మాట, అధికారం లేదన్న మాట, పై కార్యాలయం, పది రోజులు, స్వయంగా సంతకం. అక్కడ ఆగింది. తల్లి చూపు కదల్లేదు. టీచరమ్మ ఆ చివరిది కూడా చెప్పింది, కూలి కనిపించినంత చదువు కనిపించదన్నది. చెబుతుంటే తల్లి ముఖంలో రక్తం ఇంకిపోవడం ఎదురుగా నిలబడి చూసింది. చూపు తిప్పుకోలేదు.

తల్లి వెనక్కి నడిచి బల్ల దగ్గరికి వెళ్ళింది. ఆ మాట అన్నాయన ఎదుటే నిలబడి చెయ్యి చాపింది. ఆయనకి అర్థం కాలేదు. పిచ్చుక ముక్కు తుడుచుకుంటూ, "పై కార్యాలయానికి రాసే కాగితం ఇమ్మంటోంది" అంది. గుమాస్తా వెతికి ఇచ్చాడు. పక్కనున్న చిన్న బల్లమీద దాన్ని పరిచి, తల్లి కుడిచేతిని ఎడంచేత్తో పట్టి ఎత్తి పైన పెట్టుకుంది.

టీచరమ్మ దగ్గరికి రాబోయింది. "నేను చదివి చెప్పనా అమ్మా? నా సంతకం అక్కర్లేదు. ఊరికే చదువుతాను."

"వద్దు" అంది తల్లి. "నా కూతురు చదువుతుంది." పిచ్చుకని పక్కన కూర్చోబెట్టి, కాగితం మీద మొదటి వరస వేలితో చూపించింది. "ఉన్నది ఉన్నట్టు చెప్పు. నేను చావను."

టీచరమ్మ వచ్చి మళ్ళీ బెంచీ మీద కూర్చుంది. వెళ్ళిపొమ్మని ఎవరూ అనలేదు, ఉండమనీ అనలేదు. పిచ్చుక ఒక్కో వాక్యం చదివి తల్లికి చెబుతోంది. ఒకచోట తడబడి ఆగింది, తల్లి వేలితో బల్లమీద కొట్టింది, అది మళ్ళీ మొదలుపెట్టింది. ఆ తర్వాత ఒక్క తప్పు కూడా పోలేదు.